పదమూడవ గడి

ఒక ఫైలును ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మార్చడం మీకు ఇప్పుడు రెండు క్షణాల పని. మాకు ఎనిమిది నెలలు పట్టింది. అదీ తప్పుగా. ఆ తప్పు చేసింది నేనే కనుక, ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో చెప్పదగిన సంగతి ఏదైనా ఒకటి చెప్పమని మీవంటి చిన్నవాళ్లు అడిగినప్పుడు, మెచ్చుకోలు కాగితాలను పక్కనబెట్టి దీన్నే ఎంచుకున్నాను. ఇందులోని తేదీలు, లెక్కలు నా డైరీలలోనివి. మాటలు జ్ఞాపకంలోనివి.

వరంగల్‌లో ఒక మిషన్ దవాఖానలో 1974లో రికార్డు గుమాస్తాగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మట్టెవాడలో మా ఇంటి నుంచి దవాఖాన గేటు దాకా నడిస్తే పంతొమ్మిది నిమిషాలు. వానాకాలంలో ఇరవై మూడు. ఇవన్నీ రాసిపెట్టుకునే అలవాటు నాకు బడి రోజుల నుంచీ ఉంది. ఆ అలవాటు వల్లనే ఉద్యోగం వచ్చింది. తర్వాత జరిగినదాంట్లో సగం చెడుకూ, సగం మంచికీ అదే కారణం.

1981 జూన్ 8, సోమవారం నాడు మా డాక్టరమ్మ నన్ను పిలిచి కొత్త కార్డుల కట్ట ఒకటి చేతిలో పెట్టింది. ఆమె దవాఖానకు పెద్ద. కుష్ఠు విభాగంలోని పాత రిజిస్టర్లన్నిటినీ ఆ కార్డులలోకి మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రిజిస్టర్లు తొమ్మిది, ఒక్కొక్కటి రొట్టె పీటంత వెడల్పు, ఇటుక రాయంత మందం. అప్పటిదాకా అవి ఆ విభాగంలోనే ఉండేవి, నేను తెరిచి చూసింది లేదు. ప్రతి వరుసలో ఒక మనిషి పేరు, ఊరు, వయసు. ఆ తర్వాత నెలకొక గడి. మాత్రలకు వచ్చిన నెల గడిలో చిన్న టిక్కు. ఒకే మనిషి మూడు పుస్తకాల్లో మూడు చోట్ల ఉండవచ్చు. కొత్త పద్ధతిలో మనిషికొక అట్ట కార్డు, కార్డుకు పద్నాలుగు గడులు. పదమూడవది వ్యాధి నయమై విడుదలైన తేదీ. పద్నాలుగవది ప్రస్తుత స్థితి. దానికొక నియమం అచ్చువేసి పంపారు: పదమూడవ గడి ఖాళీగా ఉండి, మనిషి రావడం ఆగి ఏడాది దాటితే ‘చికిత్స మధ్యలో మానినవారు’ అని రాయాలి.

పని నాకూ, మా టైపిస్టుకూ అప్పజెప్పారు. ఆయన నాకంటే పన్నెండేళ్లు పెద్ద. హన్మకొండలో వాళ్ల అన్నదమ్ములది బట్టల దుకాణం. గద్దెమీద కూర్చుని మీటరు కొలవడం నచ్చక టైపు నేర్చుకుని మా దగ్గరికి వచ్చాడు. నన్ను చెల్లె అనేవాడు. రబ్బరు ముద్రను కూడా నేను స్కేలు పెట్టి తిన్నగా వేస్తానని ఆయన నవ్వేవాడు.

మొదటి రిజిస్టరు తెరిచిన రోజే ఆయన అడిగాడు.

“చెల్లె, ఈ బుక్కు నిండ దారాలున్నయేంది? ఎర్రయి, పచ్చయి, నీలపయి. మా దుకాన్ల గూడ గిన్ని రంగుల్లేవు.”

“పేజీలు ఊడిపోకుండ కుట్టిండ్లు కావచ్చన్నా. పాత బుక్కులు గద.”

“ఊడకుండ కుట్టేటోళ్లు అంచుకు కుడ్తరు గని, నట్టనడుమ కుడ్తరా? జర ఎవలనన్న అడుగరాదు.”

“ఎవలను అడుగుత? కుష్ఠు వార్డు జూసిన పాత సిస్టరమ్మ రిటైరై రెండేండ్లాయె. నువ్వు టైపు సంగతి జూడు.”

ఆ దారాల వల్ల పేజీలు చదునుగా ఉండేవి కావు. ఒక్కొక్కటి ముడి వేసి ఉండడంతో పై పేజీ ఉబ్బేది, వరుస తప్పేది, ఒకరి టిక్కు ఇంకొకరి కార్డులోకి పోయే ప్రమాదం ఉండేది. నేను ఇంటి నుంచి చిన్న కత్తెర తెచ్చుకున్నాను. ప్రతిరోజూ టైపు మొదలుపెట్టే ముందు ఆనాటి పేజీలలోని దారాలన్నీ జాగ్రత్తగా కత్తిరించి లాగేసి, పేజీని చేత్తో సాపు చేసి ఇచ్చేదాన్ని. తీసినవాటి లెక్క డైరీలో రాసేదాన్ని. ‘రెండవ పుస్తకం, 41 దారాలు.’ ‘అయిదవ పుస్తకం, 63.’ ఎందుకు రాశానంటే చెప్పలేను. లెక్కించదగినది కనిపిస్తే లెక్కించకుండా ఉండలేను. తొమ్మిది పుస్తకాలకు కలిపి 427. దారాలను చెత్తతోపాటు కాల్చే గుంటలో వేయించాను.

1982 జనవరి చివరికి పని ముగిసింది. 2,316 కార్డులు, చెక్క సొరుగుల్లో అకారాది క్రమంలో నిలబడ్డాయి. డాక్టరమ్మ ఒక సొరుగు లాగి చూసి “ముత్యాల్లెక్క ఉన్నయ్” అంది. పాత పుస్తకాల్లో విడుదలకు గడే లేదు కనుక కార్డులన్నిటిలో పదమూడవది ఖాళీగానే మిగిలింది. ‘మధ్యలో మానినవారి’ జాబితా 611 మంది. దాన్ని పదకొండు భాగాలు చేసి, ఊళ్లలో తిరిగే మా ఆరోగ్య కార్యకర్తలకు ఇచ్చాం. వాళ్లు ఆ మనుషులను వెతికి మళ్లీ మందుల దగ్గరికి తేవాలి. చేసిన పని లోకానికి ఉపయోగపడుతున్నదని నేను రెండు వారాలు సంతోషంగా ఉన్నాను.

ఫిబ్రవరి 15, సోమవారం. పొద్దున పదింటికి నలభై ఏళ్ల మనిషి ఒకామె రికార్డు గది గుమ్మంలో నిలబడింది. ఉతికిన నేత చీర, నూనె రాసి దువ్విన తల. ఎడమచేతి చివరి రెండు వేళ్లు లోపలికి వంగి ఉన్నాయి.

“అమ్మా, నేను పారిపోయిన్నని రాసింది ఎవలు?”

కూర్చోమన్నాను. కూర్చోలేదు. హన్మకొండలో ఆడపిల్లల హాస్టల్లో అయిదేళ్లుగా వంట చేస్తున్నానని చెప్పింది. పోయిన గురువారం మా కార్యకర్త సైకిలు మీద వెళ్లి, హాస్టలు గేటు దగ్గర ఆమె పేరు పెట్టి అడిగాడట. మందులు మధ్యలో ఇడిచిపెట్టింది, దవాఖానకు రమ్మనుండ్లని వాచ్‌మన్‌తో చెప్పాడట.

“ఆని నోరుకు తాళం లేదు. పగటి కూడు నాటికి పిల్లలందరికి ఎరుకైంది. ఒక్క పిల్ల పళ్లెం ముందుకు చాపలే. వార్డెనమ్మ మంచిదే. గని ఆమె గూడ ఏం జేస్తది? శనివారం దాక టైమిచ్చింది. అయిదేండ్లు వండిపెట్టిన, అప్పుడు నాకు రోగమున్నదా లేదా, దవాఖానోళ్లు రాసియ్యాల్నట. లేకుంటె పొమ్మన్నది.”

“మీకు విడుదలైనప్పుడు ఇచ్చిన చీటి ఉన్నదా?”

“పెద్దరోగం పేరున్న కాగితం ఇంట్ల దాసుకుంటమా? ఆ దినమే పొయ్యిల పెట్టిన.”

ఆమె కార్డు తీశాను. పదమూడవ గడి ఖాళీ. పద్నాలుగవ గడిలో మా టైపిస్టు టైపు చేసిన మాటలు, ఒక్క అక్షరం కూడా చెరగకుండా. నేను దాన్ని చదివి వినిపించాను. ఆమెకు కోపం రాలేదు. పొరపాటు పట్టుబడిందన్న తేలిక కనిపించింది ముఖంలో.

“కార్డు నాకెరుకలే. పెద్ద బుక్కు తీయుండ్లి. అండ్ల ఉన్నది.”

ఏడవ పుస్తకం తెచ్చి పేజీ తీశాను. చదునైన, శుభ్రమైన పేజీ. ఆమె వంగి, చెయ్యి పెట్టకుండా కళ్లతోనే వరుస వెంట పోయింది. పేరు దొరికింది. నెలల గడుల వెంట పోయింది. చివరి టిక్కు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయింది.

“నా దారమేది?”

వేలు ఆనించకుండా ఒక గడి చూపింది.

“నీలం దారమమ్మా. ఇగో గీడ్నే. సిస్టరమ్మ రంగుల డబ్బ ముంగట పెట్టి నీకు నచ్చింది తీస్కొమ్మన్నది. నేనే కుట్టిన, నా చేతులతోని. రోగం పోయినోళ్లు అందరు కుడ్తరు గద. దారమేది?”

“నేనే తీసేసిన.”

“ఎందుకు?”

“పేజీ సాపుగ ఉండాలని.”

టైపు మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

ఆమెను బల్లమీద కూర్చోబెట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. దాచకుండా అంతా చెప్పాను: దారాలు, కత్తెర, గుంట, 427. వాటిలో ప్రతి ఒక్కటీ నయమైన ఒక మనిషి అయితే, నయమైనవాళ్లందరినీ నేను పారిపోయినవాళ్లుగా మార్చానని చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

“లిస్టులు ఎన్ని బయటికి పోయినయ్?”

“పదకొండు, మేడం.”

“పదకొండూ ఈ పూటకే వాపసు తెప్పించు. ఆ తర్వాత ఏడువు.”

వంటామెను అప్పుడే పరీక్షించింది. వ్యాధి జాడ లేదు. కాని హాస్టలు వాళ్లు అడిగేది గడచిన అయిదేళ్ల సంగతి; ఇవాళ చూసి నిన్నటి మాట ఎట్లా రాస్తామని డాక్టరమ్మ నన్నే అడిగింది. సాయంత్రానికి పదకొండు జాబితాలూ నా బల్లమీద ఉన్నాయి. అప్పటికే కార్యకర్తలు ఇరవై ఆరు ఇళ్లు తిరిగారు. ఆ ఇరవై ఆరు ఇళ్లలో ఏమేమి జరిగిందో నాకు పూర్తిగా ఎప్పటికీ తెలియలేదు.

మంగళవారం పొద్దున టైపిస్టు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

“చెల్లె, మా దుకాన్ల ఒక కత ఉంటది. రవికె గుడ్డ కొంటపోతరు, కుట్టిచ్చుకుంటరు, సరిపోకుంటె కుట్లు ఇప్పి ఇస్త్రీ జేసి కొత్తదే అని వాపసు తెస్తరు. మా పెద్దన్న ఏమనడు. గుమ్మంలకు పోయి ఎండకు పట్టి జూస్తడు. దారం పోతది గని సూది తొవ్వ పోదు.”

ఆయన ఏడవ పుస్తకాన్ని కిటికీ దగ్గరికి మోసుకెళ్లి, ఆమె పేజీ ఒక్కదాన్ని నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు. 1976 నవంబరు గడిలో, టిక్కు పక్కనే, రెండు సన్నని వెలుగు చుక్కలు. ఆ పేజీ మీద మరో రెండు వరుసల్లో అటువంటివే జంటలు. పేజీ నేను పట్టుకున్నాను. ఆ నెలలు ఆయన రాసుకున్నాడు. వంటామె హాస్టల్లో చేరింది 1977 జనవరిలో.

డాక్టరమ్మ చూసి సంతోషించింది కాని, సంతకం పెట్టలేదు. “రంధ్రం కనిపిస్తున్నది సరే. రంధ్రమంటె విడుదల అని నాకు ఎవరు చెప్పాలె? నేను వచ్చింది మూడేండ్ల కింద.”

ఆమెకు ముందున్న డాక్టరుగారు చనిపోయారు; చెప్పగలిగిన మనిషి ఒక్కరే. బుధవారం నాడు ఏడవ పుస్తకాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని ప్యాసింజరు బండెక్కి కేసముద్రంలో దిగాను. మా పాత సిస్టరమ్మ మార్కెట్ యార్డు వెనక తమ్ముడి ఇంట్లో ఉంటున్నది. మిరపకాయలు ఎండబోసిన వాకిట్లో చిన్న పీట మీద కూర్చుని తొడిమలు తీస్తున్నది. మిరప ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. ఏడుపు దాచుకోవడానికి అది వీలైంది. నేను జరిగిందంతా చెప్పడం ముగించేదాకా ఆమె తల ఎత్తలేదు.

“దారాలేం జేసినవ్ బిడ్డా?”

“కాలిపోయినయ్ సిస్టరమ్మా.”

కొంతసేపు తొడిమలు తీసింది.

“పనిల ఇంత నీటుగుండేటోళ్లతోనే నాకు భయం. గలీజుగ చేసేటోడైతె సగం దారాలు అట్లనే ఇడిచిపెడ్తుండె. నువ్వు ఒక్కటి సుత ఇడిచిపెట్టకపోతివి.”

అని నవ్వేసింది. నాకు పడిన శిక్ష అంతే. అంతకంటే పెద్ద శిక్ష పడి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం తీయమంది. ఎందుకు రాయలేదు, ఎందుకు కుట్టించారని అడిగాను.

“ఆ బుక్కుల విడుదలకు గడి లేకుండె. నేను పక్కపొంటి రాయొచ్చు. రాస్తె అది నా మాట. కుడితె వాళ్ల మాట. వాళ్లు ముట్టిన చెంబు ఇంట్లోళ్లు ముట్టరు. మందిచ్చెటోడు సుత పొట్లం దూరంకెల్లి ఏస్తుండె. అందుకే అనేదాన్ని: పరీక్ష రెండుసార్లు మంచిగచ్చింది, డాక్టరుగారు చీటి మీద సంతకం పెట్టిండు, ఇగ ఈ బుక్కు ముట్టు, నీ చేతులతోని కుట్టు, రేపటి సంది ఇదే బుక్కు నేను ముడ్త, డాక్టరు ముడ్తడు. కొంతమంది కుట్టుకుంటనే ఏడ్సెటోళ్లు.”

పేజీని ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఈమె పేరు మర్సిపోయిన గని ఈ నీలం దారం మర్సిపోలే. వేళ్లు సాగకపోతె సూది మూడుసార్లు కిందపడ్డది. నేను కుడ్త తే అంటె నన్ను నెట్టేసింది.”

ఆమె తన చేతిరాతతో ఒకటిన్నర పేజీ వాంగ్మూలం రాసి ఇచ్చింది. కుట్టు వేయించడానికి ముందు ఏయే పరీక్షలు జరిగేవో, కుట్టు ఏ గడిలో వేయించేదో, దాని అర్థమేమో. తిరుగు బండికి ఇంకా టైముందని జొన్నరొట్టె, పచ్చడి పెట్టింది. రెండు రొట్టెలు తిన్నాను.

శుక్రవారం డాక్టరమ్మ ఉత్తరం రాయించి సంతకం పెట్టింది: ఈమె 1976 నవంబరులో నయమై విడుదలైనది, చికిత్స మానిన మనిషిగా నమోదు కావడం మా కార్యాలయపు తప్పు. ఆ చివరి మాట నేనే చేర్చమన్నాను. ఒకే అక్షరం రెండుసార్లు పడిందని టైపిస్టు ఆ కాగితాన్ని చించి మళ్లీ టైపు చేశాడు. అంతకుముందు అటువంటివి ఆయన లెక్కచేసేవాడు కాదు.

శనివారానికి వచ్చే ముందు మిగిలిన లెక్క చెప్పాలి. తొమ్మిది పుస్తకాలనూ పేజీ పేజీ కిటికీకి పట్టి చూడడానికి మార్చి నెలాఖరు దాకా పట్టింది. సూది జంటలు 423 దొరికాయి. నా డైరీ లెక్క 427. ఆ అంకె లేకపోయి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం. మళ్లీ మొదటి నుంచి చూస్తే, రెండు పేజీలు అంటుకుపోయిన చోట మూడు దొరికాయి. ఒకటి దొరకలేదు. మూడవ పుస్తకంలో ఒక పేజీ అంచును చెదలు తిన్నాయి. అది అక్కడ ఉండి ఉండవచ్చు. ఆ పేజీ మీది పేర్లు ఇరవై రెండు. వాళ్లలో ఎవరైనా దవాఖానకు వస్తే కార్డు చూడకుండా ముందు మనిషిని అడగాలని సొరుగు మీద చీటి అంటించాను. నేను రిటైరయ్యేనాటికి ఆ చీటిని నాలుగుసార్లు మార్చి రాశాను.

నా పక్షాన నిలబడిన డాక్టరమ్మకు, తొడిమలు తీస్తూ నవ్విన సిస్టరమ్మకు, “నేను ముందే చెప్పిన” అనే హక్కున్నా ఒక్కసారి కూడా అనని మా టైపిస్టు అన్నకు నేను రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువగా, గుమ్మంలో నిలబడి అడిగిన ఆ మనిషికి. మిగిలినవాళ్లు 425 మంది అడగలేదు. ఆమె అడగడం వల్ల వాళ్లకూ సరి అయింది.

ఫిబ్రవరి 20, శనివారం. ఉత్తరం నేనే తీసుకుని పదకొండింటికి హాస్టలుకు వెళ్లాను. వంటామె లోపలికి పోకుండా బయట నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. వార్డెనమ్మ, సన్నగా, అలసిపోయినట్టున్న టీచరు, ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

“కాగితం మంచిగున్నది మేడం. తల్లిదండ్రులు వస్తె చూపిస్త. గని పిల్లలకు ఏం చూపియ్యాలె? వారం దినాల సంది ఆమె ముట్టిన గంటె సుత ముడ్తలేరు.” ఉత్తరం మడిచింది. “మీరు దవాఖానోళ్లు గద. ఆమె వండితె మీరు తింటరా?”

ఇక్కడ నిజం రాయాలి. ఆ దవాఖానలో ఎనిమిదేళ్లు పనిచేశాను. కుష్ఠు విభాగం పుస్తకాలు ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆ వైపు ఒక్కనాడైనా గ్లాసెడు నీళ్లు తాగలేదు. వ్యాధి అట్లా అంటదని నాకు తెలుసు; అది చెప్పే కరపత్రం ప్రూఫు దిద్దింది కూడా నేనే. అయినా వార్డెనమ్మ అడిగినప్పుడు నాకు ముందు గుర్తుకొచ్చింది ఆ సబ్బే. వంటామె తొట్టి గట్టు మీంచి నన్నే చూస్తున్నది. నా ముఖంలో అది కనిపించిందేమో తెలియదు.

“తింట,” అన్నాను.

ఆమె లేచి, కాళ్లు చేతులు కడుక్కుని, వంటింట్లోకి పోయింది. యాభై నిమిషాల తర్వాత అన్నం, టమాట పప్పు, వంకాయ కూర తెచ్చి నా ముందు పెట్టింది. వంగిన వేళ్ల చేతితో పళ్లెం పట్టుకుని, రెండో చేత్తో వడ్డించింది. నలభై మందికి పైగా పిల్లలు కిటికీల దగ్గర, గుమ్మాల దగ్గర గుంపులు కట్టి చూస్తున్నారు. కలిపాను. మొదటి ముద్ద మింగడానికి కష్టమైంది. రెండవది కాలేదు. మూడవ ముద్దకు రుచి తెలిసింది.

“ఎట్లున్నదమ్మా?”

అందరూ నా నోటివైపు చూస్తున్నారు. బాగుంది అనాలని నాకూ తెలుసు. వార్డెనమ్మ కళ్లు కూడా అదే చెబుతున్నాయి. కాని నేను జీవితంలో ఒక్క అంకెనైనా మార్చి రాయని మనిషిని.

“పప్పుల ఉప్పు తక్కువైంది.”

వంటామె గరిటెను నడుముకు ఆనించి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“పారిపోయిన్నని రాసింది నువ్వే. ఇగ ఉప్పు తక్కువని పేరు వెట్టేది గూడ నువ్వేనా?”

గుమ్మంలో ఉన్న పొడుగు జడల పిల్ల ఒకతె ఆపుకోలేక కిసుక్కుమంది. “నిజమే మేడం, ఎప్పుడూ తక్కువే ఏస్తది!”

“అయిదేండ్ల సంది నోరు పడిపోయిందా మరి? ఒక్కనాడన్న చెప్తివా?” అని వంటామె ఆ పిల్లమీదికి తిరిగింది. అప్పటికి నవ్వు కిటికీలన్నిటికీ పాకింది. వార్డెనమ్మ నవ్వు ఆపుకుంటూ, చెక్క అలమారలోంచి ఒక పళ్లెం తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

“నాకు పప్పు జర ఎక్కువెయ్యి,” అంది.